ఓట్లూ యుద్ధాలూ – 6: “నేను కొరియా వెళ్తాను”

1952 అక్టోబరు 24 రాత్రి డెట్రాయిట్‌లోని మసోనిక్ టెంపుల్‌లో రిపబ్లికన్ అభ్యర్థి డ్వైట్ ఐసెన్‌హోవర్ మాట్లాడాడు. పోలింగుకు అప్పటికి పదకొండు రోజులుంది. ప్రసంగం పొడుగ్గానే సాగింది గానీ జనానికి గుర్తుండిపోయింది ఒక్క మాటే: నేను కొరియా వెళ్తాను. (ఆ రోజుకు మద్రాసులో పొట్టి శ్రీరాములు దీక్షకు కూర్చుని ఆరో రోజు. డెట్రాయిట్ కబుర్లు పట్టించుకునే తీరిక తెలుగువాళ్లకు ఉండి ఉండదు.) కిందటి సంచికలో అధ్యక్షుడు ట్రూమన్ కొరియా యుద్ధ సేనాని జనరల్ మెకార్థర్‌ను ఇంటికి పంపించిన ఘట్టం దగ్గర ఆగాం. ఆ యుద్ధం ఎలా ఆగిందో ఇప్పుడు చూద్దాం. మామూలుగా చెప్పుకునే కథ ఇది: యుద్ధవీరుడు మాట ఇచ్చాడు, గెలిచాడు, వెళ్లి చూసి వచ్చాడు, గద్దెనెక్కిన ఆరు నెలలకు యుద్ధం ఆపించాడు. కథ బాగానే ఉంది. అయితే చివరికి కుదిరిన షరతుల్లో ముఖ్యమైనవన్నీ ఆయన ఎన్నికల్లో తిట్టిపోసిన ట్రూమన్ ప్రభుత్వం పట్టుబట్టినవే. మరి ఐసెన్‌హోవర్ చేసిందేమిటి? నా ఉద్దేశంలో, ఆ ప్రసంగంలో ఆయన చెప్పిన మాట కంటే చెప్పకుండా మిగుల్చుకున్న మాటలే ముఖ్యం. గెలిచాక శత్రువును ఒప్పించడం కంటే సొంత పక్షాన్ని అదుపులో పెట్టడమే ఆయనకు పెద్ద పని అయింది. ఆ పనికి వెనుదీయలేదు కాబట్టే ఆ హామీని బాధ్యత గల హామీ అనగలుగుతున్నాం.

ముందు యుద్ధం ఏ స్థితిలో ఉందో చూడాలి. 1950 జూన్ 25న ఉత్తర కొరియా సేనలు 38వ అక్షాంశం దాటి దక్షిణానికి దిగాయి. ఏడాది తిరక్కముందే సియోల్ నగరం నాలుగుసార్లు చేతులు మారింది. మధ్యలో చైనా వచ్చి పడింది. 1951 వేసవికి రెండు పక్షాలూ ఇంచుమించు బయల్దేరిన గీత దగ్గరికే వచ్చి నిలబడ్డాయి. జులై 10న కెసాంగ్‌లో సంధి చర్చలు మొదలై, అక్టోబరులో పన్‌ముంజోం అనే చిన్న పల్లెకు మారాయి. చర్చలు మొదలైతే చావులు తగ్గుతాయనుకుంటాం. ఇక్కడ అలా జరగలేదు. ఈ యుద్ధంలో చనిపోయిన, గాయపడిన అమెరికన్ సైనికుల్లో సగానికి కాస్త తక్కువ మంది చర్చలు మొదలైన తర్వాతే ఆ లెక్కలో చేరారు. ఒకపక్క బల్లకు అటూ ఇటూ కూర్చుని వాదనలు, మరోపక్క ఏదో ఒక గుట్ట కోసం పోరు. ఓల్డ్ బాల్డీ, పోర్క్ చాప్, హార్ట్‌బ్రేక్ రిడ్జ్ అని పేరుపడ్డ ఆ గుట్టలు ఇవాళ వీళ్లవి, రేపు వాళ్లవి, ఎల్లుండి మళ్లీ వీళ్లవి. 1952 ఫిబ్రవరి గాలప్ సర్వేలో ట్రూమన్ పాలన బాగుందన్నవాళ్లు నూటికి 22 మంది. మార్చి నెలాఖరున ఆయనే ఇక పోటీ చేయనని చెప్పేశాడు.

ఆ ఏడాది మే నాటికి పేచీ అంతా ఒక్క అంశం దగ్గరికి వచ్చి ఆగింది. హద్దు గీత ఎక్కడ, పర్యవేక్షణ ఎవరిది అన్నవి దాదాపు తేలిపోయాయి. తేలనిది యుద్ధ ఖైదీల సంగతి. 1949 జెనీవా ఒప్పందం 118వ అధికరణ ప్రకారం పోరు ఆగగానే ఖైదీలను ఆలస్యం లేకుండా వాళ్ల దేశాలకు పంపాలి. చైనా, ఉత్తర కొరియా ఆ అక్షరాన్ని పట్టుకున్నాయి. తమ చేతిలో ఉన్న లక్షా ముప్పై వేల పైచిలుకు ఖైదీలను అమెరికావాళ్లు ఏప్రిల్‌లో అడిగి చూస్తే, వెనక్కి వెళ్తామన్నవాళ్లు మొదటి లెక్కకు 70 వేలే తేలారు. వెళ్లనన్నవాణ్ణి తుపాకీ చూపి పంపేది లేదన్నాడు ట్రూమన్. ఇందులో మానవత్వం ఉంది, రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక సోవియట్ యూనియన్‌కు బలవంతంగా పంపినవాళ్ల గతి గుర్తుండటం ఉంది, ప్రచార లాభమూ ఉంది. అడిగిన పద్ధతి మీద అనుమానాలకూ చోటుంది. కోజె దీవి శిబిరంలో కొన్ని ఆవరణలను కమ్యూనిస్టు ముఠాలు, కొన్నింటిని వాళ్ల విరోధి ముఠాలు ఏలుతుండేవి. తమ మాట కాదన్నవాణ్ణి తన్నడం, చంపడం కూడా జరిగాయి. మే 7న ఖైదీలు శిబిరాధికారి బ్రిగేడియర్ జనరల్ ఫ్రాన్సిస్ డాడ్‌నే పట్టుకుని మూడు రోజులు బందీగా ఉంచారంటే అక్కడి వ్యవహారం ఊహించుకోవచ్చు. ఈ ఒక్క పేచీ మీదే అక్టోబరు 8న అమెరికా ప్రతినిధి జనరల్ విలియం హారిసన్ చర్చలను నిరవధికంగా వాయిదా వేసి లేచిపోయాడు. డెట్రాయిట్ సభ ఆ తర్వాత పదహారు రోజులకు జరిగింది.

ఈ నేపథ్యం తెలిశాక ప్రసంగం వేరుగా కనిపిస్తుంది. లైఫ్ పత్రిక సంపాదక వర్గం నుంచి వచ్చిన ఎమెట్ హ్యూస్ దాన్ని రాసిపెట్టాడు. కొరియా యుద్ధాన్ని త్వరగా, గౌరవంగా ముగించడం కొత్త ప్రభుత్వానికి మొదటి పని అవుతుంది. అందుకున్న దారులన్నీ పరిశీలిస్తాను. ఆ పరిశీలన కోసం స్వయంగా వెళ్తాను. దక్షిణ కొరియా సైన్యాన్ని బలపరుస్తాను. శత్రువు కాళ్లు పట్టుకుని తెచ్చుకునే శాంతి మాత్రం ఉండదు. హామీ ఇంతే. ఎప్పటికి ముగుస్తుందో తేదీ లేదు. గెలిచి తీరుతామన్న మాట లేదు. సైన్యాన్ని ఇంటికి తెచ్చేస్తానని గానీ, యాలూ నది దాటి చైనా మీద పడతానని గానీ లేదు. ఖైదీల విషయంలో దేనికి ఒప్పుకుంటాడో, దేనికి ఒప్పుకోడో అసలే లేదు. పార్టీలో సెనేటర్ రాబర్ట్ టాఫ్ట్ వర్గానికీ, మెకార్థర్ అభిమానులకూ విజయం తప్ప మరేదీ రుచించదు. జులైలో చికాగో మహాసభలో ప్రధానోపన్యాసం ఇచ్చింది మెకార్థరే. బయట, కొడుకుల ఉత్తరాల కోసం ఎదురుచూస్తున్న ఇళ్లకు కావలసింది మాత్రం యుద్ధం ఆగడం. నార్మండీ తీరం మీద దాడి నడిపించిన సేనాని వెళ్లి చూస్తానంటే మొదటివాళ్లకు విజయం వినిపించింది, రెండోవాళ్లకు శాంతి వినిపించింది. ఆయన ఎవరికీ అబద్ధం చెప్పలేదు, ఎవరికీ పూర్తిగా మాటా ఇవ్వలేదు.

ఇది శుద్ధ ఓట్ల ఎత్తుగడ కదా అంటారా? ఎత్తుగడే. ట్రూమన్ దాన్ని జనాన్ని మభ్యపెట్టే మాట అన్నాడు. కొరియా సమస్యకు వేరు మాస్కోలో ఉంది, కొరియాకు వెళ్లి ఏం లాభం అన్నది డెమొక్రాట్ అభ్యర్థి ఆడ్లయ్ స్టీవెన్సన్ జవాబు. ఆ జవాబులో పస ఉంది. ఇంకో సంగతి కూడా చెప్పాలి. కొరియాను గాలికి వదిలి యుద్ధాన్ని కొనితెచ్చారని ఐసెన్‌హోవర్ ఆ సభలో ప్రభుత్వాన్ని దుయ్యబట్టాడు. కానీ కొరియాలో దళాలను ఉంచడం వల్ల సైనికంగా పెద్ద ప్రయోజనం లేదని 1947 సెప్టెంబరులో నివేదిక ఇచ్చిన సేనాధిపతుల్లో, అప్పటి సైన్యాధ్యక్షుడిగా ఆయనా ఒకడు. ట్రూమన్ ప్రచారంలో ఈ సంగతి ఎత్తి చూపాడు కూడా. ఆసియాలో పోరు తప్పదంటే ఆసియావాళ్లతో ఆసియావాళ్లే పోరాడాలని 1952 అక్టోబరులోనే ఐసెన్‌హోవర్ అన్న మాట మన చెవికి ఇప్పటికీ కటువుగానే తగులుతుంది. కాబట్టి ఆయన్ను ధర్మరాజును చేయాల్సిన పని లేదు. అభ్యర్థి అస్పష్టంగా మాట్లాడటానికి రెండు కారణాలుండొచ్చు. చేతిలో ఏమీ లేక మూట విప్పకపోవడం ఒకటి, రేపు బేరానికి కూర్చునేటప్పుడు చేతులు కట్టుబడిపోకుండా చూసుకోవడం మరొకటి. మాట్లాడిన రోజున ఈ రెండూ ఒకేలా కనిపిస్తాయి. గెలిచాక ఆయన కాదన్న వాటిని చూస్తే గానీ ఏది ఏదో తేలదు. నవంబరు 4న 48 రాష్ట్రాల్లో 39 ఆయనవైపు వచ్చాయి. ఎలెక్టొరల్ ఓట్లు 442, స్టీవెన్సన్‌కు 89. డెట్రాయిట్ ప్రసంగం లేకపోయినా గెలిచేవాడనే నాకనిపిస్తుంది. ఇరవై ఏళ్ల డెమొక్రాట్ పాలన మీద విసుగు అంత పేరుకుపోయింది.

మాట తప్పుతాడేమోనని ట్రూమన్‌కు ఆశ ఉన్నట్టుంది. ఫలితాలు రాగానే పంపిన అభినందన తంతిలో, ఇంకా కొరియా వెళ్లాలనే ఉంటే అధ్యక్షుడి విమానం ఇండిపెండెన్స్ సిద్ధంగా ఉందని ఒక చురక అంటించాడు. ఐసెన్‌హోవర్ ఆ విమానం ఎక్కలేదు. నవంబరు 29న తెల్లవారకముందే న్యూయార్క్‌లో మార్నింగ్‌సైడ్ డ్రైవ్ ఇంటి నుంచి గుట్టుగా బయల్దేరాడు. ఆయన ఇంట్లోనే ఉన్నాడని విలేఖరులు నమ్మాలి కదా, అందుకని పెద్దమనుషులు ఆ ఇంటికి వచ్చిపోతూనే ఉన్నారు. డిసెంబరు 2 నుంచి 5 దాకా ఆయన కొరియాలో గడిపాడు. చిన్న విమానంలో యుద్ధరేఖ పొడుగునా ఎగిరి గుట్టల్ని చూశాడు, గడ్డకట్టే చలిలో సైనికులతో కలిసి భోంచేశాడు, అక్కడే మేజరుగా ఉన్న కొడుకు జాన్‌ను కలిశాడు. ఐరాస సేనాధిపతి జనరల్ మార్క్ క్లార్క్ యుద్ధాన్ని చైనాకు విస్తరించి గెలిచే పథకమొకటి, దానికి ఎంత సైన్యం కావాలో లెక్కలతో సహా రాసి పెట్టుకున్నాడు. ఐసెన్‌హోవర్ అడగనే లేదని, అది విప్పి చూపే అవకాశమే తనకు రాలేదని క్లార్క్ తన జ్ఞాపకాల్లో రాసుకున్నాడు. విజయయాత్రకు ఉవ్విళ్లూరుతున్న దక్షిణ కొరియా అధ్యక్షుడు సింగ్‌మన్ రీకి దక్కింది కూడా చాలా కొద్ది సమయం. ఆ ప్రయాణంలో ఐసెన్‌హోవర్ కొత్తగా ఏదో కనుక్కున్నాడని నేననుకోను. చిన్న గుట్టల మీద చిన్న దాడులతో ఈ యుద్ధం ముగియదని గ్రహించడానికి పసిఫిక్ దాటాల్సిన పని లేదు. ప్రయాణం వల్ల వచ్చిన లాభం వేరు: రేపు ఆయన గెలుపు లేని సంధికి ఒప్పుకుంటే, చూడకుండా ఒప్పుకున్నాడని అనే హక్కు ఎవరికీ మిగల్లేదు.

ఆయన కొరియాలో ఉన్న రోజుల్లోనే, డిసెంబరు 3న, న్యూయార్క్‌లో ఐక్యరాజ్యసమితి సర్వసభ్య సభ వి.కె. కృష్ణమేనన్ నడిపించిన భారత తీర్మానాన్ని 54–5 ఓట్లతో ఆమోదించింది. ఏ ఖైదీనీ బలవంతంగా పంపకూడదు, బలవంతంగా ఆపకూడదు. ఎటూ తేల్చుకోనివాళ్లను తటస్థ దేశాల సంఘానికి అప్పగించాలి. రెండు పక్షాల పరువూ నిలిచే తోవ అది. ఆ రోజున సోవియట్, చైనా తోసిపుచ్చాయి. అమెరికా విదేశాంగశాఖకూ మేనన్ అంటే కిట్టదు. మొదట్లో వ్యతిరేకించి, సవరణల తర్వాతే ఓటేసింది. ఎనిమిది నెలల తర్వాత సంతకాలు పడ్డ ఏర్పాటు మాత్రం దీనికి దగ్గరి చుట్టమే.

డిసెంబరు మధ్యలో న్యూయార్క్‌లో మెకార్థర్ తన పథకం ఐసెన్‌హోవర్ చేతిలో పెట్టాడు. స్టాలిన్‌కు తుది హెచ్చరిక ఇవ్వాలి, వినకపోతే ఉత్తర కొరియా మీద అణుబాంబులు వేయాలి, సరఫరా దారులకు అడ్డంగా రేడియోధార్మిక పదార్థం చల్లాలి. ఐసెన్‌హోవర్ ఒకప్పటి తన పైఅధికారి చెప్పింది మర్యాదగా విని ఊరుకున్నాడు. 1953 ఏప్రిల్ 8న జాతీయ భద్రతా మండలి సమావేశంలో విదేశాంగమంత్రి జాన్ ఫాస్టర్ డల్లెస్, ఇప్పుడు మన బలం పెరిగింది కాబట్టి పాత గీతకు కట్టుబడకుండా ద్వీపకల్పం నడుము దాకా అడగొచ్చునన్నాడు. ఒప్పుకున్నదాన్ని తిరగదోడి సంధిని చెడగొడితే అమెరికా జనం సహించరని ఐసెన్‌హోవర్ ఆ మాటను అక్కడికక్కడే కొట్టిపారేశాడు. డెట్రాయిట్‌లో మిగుల్చుకున్న ఖాళీని దేనికి వాడాడో చూడండి. విజయం అని నోరు జారి ఉంటే ఆ రోజు డల్లెస్‌కు జవాబు చెప్పలేకపోయేవాడు.

ఇక్కడ రెండు బలమైన ఆక్షేపణలున్నాయి. మొదటిది: యుద్ధాన్ని ఆపింది ఐసెన్‌హోవర్ కాదు, స్టాలిన్ చావు. 1953 మార్చి 5న స్టాలిన్ పోయాడు. రెండు వారాలకే మాస్కోలోని కొత్త నాయకత్వం యుద్ధం ముగించాలని నిర్ణయించింది. మార్చి 28న జబ్బుపడ్డ, గాయపడ్డ ఖైదీల మార్పిడికి చైనా, ఉత్తర కొరియా ఒప్పుకున్నాయి. 30న చైనా ప్రధాని చౌ ఎన్‌లై, వెళ్లనన్న ఖైదీలను తటస్థ దేశానికి అప్పగించవచ్చని ప్రకటించాడు. ఈ ఆక్షేపణను చాలావరకు ఒప్పుకోవాల్సిందే. స్టాలిన్ బతికి ఉంటే ఆ వేసవిలో సంధి జరిగేదని చెప్పడం కష్టం. కానీ యుద్ధం ఆగాలంటే అవతలివాళ్లు దిగిరావడంతో పాటు ఇవతలివాళ్లు అందుకోవడం కూడా జరగాలి. చౌ ఎన్‌లై ప్రకటన వచ్చిన పదిరోజుల్లోపే డల్లెస్ ఇంకా ఎక్కువ అడుగుదామన్న సంగతి ఇప్పుడే చూశాం. తలుపు తెరుచుకోవడం మాస్కో పుణ్యం. లోపలికి అడుగుపెట్టాలన్న నిర్ణయం వాషింగ్టన్‌ది.

రెండో ఆక్షేపణ ఇంకా ప్రచారంలో ఉంది, మనకు కాస్త సంబంధించినది కూడా. అణుబాంబు బెదిరింపుకు చైనా జడిసిందన్నది దాని సారం. మే 20–22 తేదీల్లో డల్లెస్ ఢిల్లీ వచ్చి నెహ్రూను కలిశాడు. చర్చలు విఫలమైతే అమెరికా యుద్ధాన్ని ఇంకా పెద్దది చేయవచ్చని చెప్పాడు. ఆ కబురు నెహ్రూ ద్వారా బీజింగ్ చేరిందనీ, దాంతోనే పని జరిగిందనీ డల్లెస్ మనుషులు తర్వాత గొప్పగా చెప్పుకున్నారు. తాను అలాంటి కబురేదీ మోయలేదని నెహ్రూ ఖండించాడు. ఎవరి మాట నిజమన్నది పక్కన పెట్టి తేదీలు చూసినా ఈ కథ నిలవదు. చైనా అసలు మెట్టు దిగింది మార్చి 30న, ఢిల్లీ సంభాషణకు ఏడు వారాల ముందు. పైగా డల్లెస్ ఢిల్లీ విడిచిన మూడు రోజులకే, మే 25న, అమెరికా తన కఠిన షరతులు సడలించింది: తటస్థ సంఘంలో ఏకాభిప్రాయం ఉండాలన్న పట్టు వదిలి మెజారిటీ నిర్ణయానికి ఒప్పుకుంది, కొరియా ఖైదీలను కూడా సంఘానికి అప్పగిస్తామంది. జూన్ 8న ఖైదీల ఒప్పందం మీద సంతకాలయ్యాయి. బెదిరింపు కొంత పనిచేసి ఉండొచ్చు. దానితో పాటు రాయితీ కూడా వెళ్లిందన్న సంగతి గొప్పలు చెప్పుకున్నవాళ్లు మింగేశారు. ఇంకోటి కూడా దాచకూడదు. బేరం నడుస్తున్న మే నెలలోనే, 13న, అమెరికన్ విమానాలు టోక్సాన్ ఆనకట్టను కూల్చాయి. రైల్వే లైను తెగింది, లోయలో వరిపొలాలు కొట్టుకుపోయాయి. బాధ్యతగా ముగించడం అన్న మాట రాసేటప్పుడు ఆ పొలాలు గుర్తుండాలి. కొరియా రైతుకు ఆ బాధ్యతలో వాటా దక్కలేదు.

ఐసెన్‌హోవర్‌కు అసలు పరీక్ష శత్రువు వైపు నుంచి రాలేదు. జూన్ 18న సింగ్‌మన్ రీ తన కాపలాదార్ల చేత శిబిరాల గేట్లు తెరిపించి, ఉత్తరానికి వెళ్లనన్న దాదాపు 27 వేల మంది ఖైదీలను వదిలించేశాడు. పది రోజుల కిందటి ఒప్పందానికి తూట్లు పడ్డాయి. ఒప్పందాన్ని చెడగొట్టి యుద్ధాన్ని సాగదీయడమే రీ కోరిక. రిపబ్లికన్ పార్టీలో ఆయన్ను మెచ్చుకున్నవాళ్లు తక్కువేం కాదు. ఐసెన్‌హోవర్ ఆయన్ను గట్టిగా మందలిస్తూ రాసి, విదేశాంగశాఖ అధికారి వాల్టర్ రాబర్ట్‌సన్‌ను సియోల్ పంపాడు. రెండు వారాల బుజ్జగింపులు, బేరాలు సాగాయి. చివరికి రీ సంతకం పెట్టనన్నాడు గానీ సంధికి అడ్డుపడనన్నాడు. బదులుగా రక్షణ ఒప్పందం, ఆర్థిక సాయం, సైన్యాన్ని 20 డివిజన్లకు పెంచే మాట తీసుకున్నాడు. ఈలోగా జులై మధ్యలో చైనా పెద్ద దాడి చేసి రీ సైన్యాన్నే ఏరికోరి చావుదెబ్బ తీసింది. ఆ రక్షణ ఒప్పందం మీద 1953 అక్టోబరు 1న వాషింగ్టన్‌లో సంతకాలయ్యాయి. సరిగ్గా అదే రోజు కర్నూలు రాజధానిగా ఆంధ్ర రాష్ట్రం అవతరించింది. ఒక యుద్ధం నుంచి బయటపడాలంటే మిత్రుడికి ఏం ఇచ్చి బయటపడాలన్నది ముందే తేల్చుకోవాలి. సైన్యాన్ని వెనక్కి తెస్తానని డెట్రాయిట్‌లో గొప్పలు పోయి ఉంటే రీకి ఇవ్వడానికి ఐసెన్‌హోవర్ చేతిలో ఏమీ ఉండేది కాదు.

జులై 27 ఉదయం పది గంటలకు పన్‌ముంజోంలో హారిసన్, ఉత్తర కొరియా జనరల్ నామ్ ఇల్ చెరో బల్ల ముందు కూర్చుని పద్దెనిమిది ప్రతుల మీద సంతకాలు పెట్టారు. ఒకరితో ఒకరు మాట్లాడుకోలేదు, చేతులు కలపలేదు, లేచి ఎవరి దారిన వాళ్లు పోయారు. ఆ రాత్రి పదింటికి తుపాకులు ఆగాయి. చర్చలు పట్టిన కాలం రెండేళ్ల 17 రోజులు. అమెరికన్లు 36 వేల పైచిలుకు మంది చనిపోయారు. కొరియన్లు, చైనీయులు లక్షల్లో. ఖైదీల భారం ఆ తర్వాత భారత్ మీద పడింది. తటస్థ దేశాల సంఘానికి జనరల్ కె.ఎస్. తిమ్మయ్య అధ్యక్షుడు, కాపలా దళానికి జనరల్ థోరట్ నాయకుడు. భారత సైనికుడి కాలు తన నేల మీద పడనివ్వనని రీ భీష్మించడంతో మన జవాన్లను ఓడల మీంచి హెలికాప్టర్లలో నేరుగా సైన్యరహిత మండలానికి దింపాల్సి వచ్చింది. 22 వేల ఆరువందల పైచిలుకు ఖైదీలను నెలల తరబడి కాచారు. ఎటూ వెళ్లనన్న ఎనభై మందికి పైగా చివరికి మన దేశానికే వచ్చారు. వాళ్లలో చాలామంది తర్వాత బ్రెజిల్, అర్జెంటీనా వెళ్లిపోయారు.

ఇది ముగింపేనా అని చివరి ప్రశ్న. శాంతి ఒప్పందం ఇప్పటికీ కుదరలేదు, ఆ గీత ఇప్పటికీ ఉంది, అమెరికన్ సైన్యం ఇప్పటికీ దక్షిణ కొరియాలోనే ఉంది. గెలిచినవాడు ఇంటికెళ్లి ఏడిస్తే ఓడినవాడు కోర్టులోనే ఏడ్చాడని మనవాళ్లంటారు; ఇక్కడ ఎవరు గెలిచారో కూడా తేలలేదు. అయినా ఆనాటి ప్రత్యామ్నాయాలు ఏమిటి? క్లార్క్ పథకం, మెకార్థర్ పథకం, రీ కోరిక, లేదంటే గుట్టల మీద ఇంకో ఏడాది. వీటితో పోలిస్తే అసంపూర్ణ సంధే మేలు. ట్రూమన్ ఇదే కాగితం తెచ్చి ఉంటే సెనేట్‌లో రిపబ్లికన్లు ఆయన్ను కమ్యూనిస్టులకు అమ్ముడుపోయినవాడన్నంత పని చేసేవారు. సేనాని కాబట్టి ఐసెన్‌హోవర్‌ను ఆ మాట అనడం కష్టమైంది. ఆ పలుకుబడిని ఆయన విజయం కొనడానికి కాక యుద్ధాన్ని ఆపడానికి ఖర్చుపెట్టాడు. ఆయన ఎనిమిదేళ్ల పాలనలో ఆ సంధి తర్వాత అమెరికా మరో పెద్ద యుద్ధంలోకి దిగలేదు. ఆయన ఉపాధ్యక్షుడు రిచర్డ్ నిక్సన్ ఇదంతా దగ్గర్నుంచి చూశాడు. 1968లో వియత్నాం యుద్ధాన్ని ముగిస్తానని తానూ ఓట్లడిగాడు. ఆ యుద్ధం నుంచి అమెరికా బయటపడటానికి మరో నాలుగేళ్లు పైనే పట్టింది. ఆ కథ వచ్చే సంచికలో.